గీత కింద రెండు చుక్కలు

ఒక రాజ్యం దివాలా తీస్తోందని చదువుకున్నవాళ్లకు ఎలా తెలుస్తుందో నాకు తెలియదు. మాకు మాత్రం గాడిద నడకలో తెలిసింది. నేను కందుకూరు నుంచి ఇబ్రహీంపట్నానికి చాకలింటి కోడలిగా వచ్చిన కొత్తలో మా గాడిద మూటల కింద వంగిపోయి, రేవుకు పోయేలోపు నాలుగు చోట్ల ఆగేది. రెండేళ్లు తిరిగేసరికి ఊరందరి బట్టలూ మోస్తూ అదే గాడిద గంతులు వేసుకుంటూ పోయేది. ఊళ్లో ఇళ్లు తగ్గలేదు, మనుషులు తగ్గలేదు. వాళ్ల ఒంటి మీది బట్టలు తగ్గాయి. కొన్ని ఇళ్లలో ఆడవాళ్లకు ఒకటే చీర. అది ఉతికి ఆరేసి తెచ్చిందాకా వాళ్లు తలుపు చాటునే ఉండేవాళ్లు.

ఇదంతా ఎందుకంటే ఎక్కడో జర్మనీవాడు, ఇంగిలీసువాడు, జపానువాడు కొట్టుకున్నారట. ఆ కొట్లాట నా పెళ్లికి ముందే అయిపోయింది. దాని కరువు మాత్రం అయిపోలేదు. యుద్ధం పేరు మీద మొదలైన బట్టల రేషను పోలేదు, రైతు కల్లంలోంచి సర్కారు ఎత్తుకుపోయే లెవీ ధాన్యం ఆగలేదు. ఆ తర్వాత తెల్లవాళ్లు దేశం విడిచిపోయారు. మా నవాబేమో నేను ఢిల్లీలో కలవనన్నాడు. ఢిల్లీవాళ్లు సరిహద్దుల్లో సరుకు ఆపారు. అంత పెద్దమనుషుల పంతాలు చివరికి మా ఇంట్లో ఉప్పు డబ్బా అడుక్కి, మా రేవులో సబ్బుకి వచ్చి ఆగాయి. గ్యాసునూనె లేదు, సోడా లేదు. చివరి సబ్బుబిళ్లని మా మామ వాడనివ్వకుండా దేవుడి గూట్లో పసుపు కుంకుమల పక్కన పెట్టాడు. మేము మళ్లీ తాతలనాటి సౌడు మట్టికి దిగాం. సౌడుతో ఉతికితే మురికి పోతుంది కానీ తెల్లబట్ట తెల్లగా రాదు, పాత గోడలా పసుపు తేలుతుంది.

మా ఇంట్లో నా పని గుర్తులు పెట్టడం. నల్లజీడి గింజను సూదితో పొడిచి, మొనకు అంటిన నల్లటి రసంతో బట్ట మూలన గుర్తు పెట్టి, పైన తడి సున్నం రాస్తే ఆ మరక బట్ట చిరిగేదాకా పోదు. రసం వేలికి తగిలితే బొబ్బలెక్కుతుంది. ఇంటికో గుర్తు. పటేలు ఇంటికి మూడు గీతలు, కమ్మరి ఇంటికి కత్తెర గుర్తు, కుమ్మరి ఇంటికి సున్నా. ఇవి ఎక్కడా రాసి ఉండవు, చాకలింటి తలల్లోనే ఉంటాయి. చీర నాదంటే నాదని ఇద్దరు ఆడవాళ్లు జుట్లు పట్టుకుంటే పెద్దమనుషులు మా మామకు కబురు పెట్టేవాళ్లు. ఆయన చీర మూల చూసి ఇంటి పేరు చెప్పేవాడు. తీర్పు అంతటితో అయిపోయేది. జీవితంలో ఊరు తనకు ఇచ్చిన ఒకే ఒక్క మర్యాద అది. అందుకే మామ గుర్తు చూసి చెప్పడానికి రెప్పపాటు కూడా తీసుకునేవాడు కాదు.

ఏ ఊరి చాకలి గుర్తులు ఆ ఊరివే. కందుకూరులో మా నాయన గీత గీసి కింద రెండు చుక్కలు పెట్టాడంటే అది మా సొంత ఇంటి బట్ట. ఇబ్రహీంపట్నంలో సొంత బట్టలకు గుర్తే పెట్టరు. గీత కింద రెండు చుక్కలు ఇక్కడ దర్జీ సాయబు ఇంటివి. పెళ్లయిన వారానికే మామ నన్ను కూర్చోబెట్టి చెప్పాడు.

“పిల్లా, మీ తల్లిగారింటి గుర్తులు ఆడనే ఇడ్శిపెట్టు. ఈడ నీ చెయ్యి తప్పిందనుకో, ఒగలి బట్ట ఇంకొగలింటికి పోతది.”

ఒకరి బట్ట ఇంకొకరింటికి పోతే ఏం కొంప మునుగుతుందిలే అని లోపల నవ్వుకున్నాను. నాకప్పుడు పదహారేళ్లు.

దర్జీ సాయబు ఇల్లు బజారుకు పోయే దారిలో ఉండేది. ఒక కుట్టు మిషను, ఆయన, ఆయన భార్య. పిల్లలు లేరు. ఆమెను నేను ఖాలా అనేదాన్ని, ఆయన్ను చాచా అనేదాన్ని. మనిషి చీపురుపుల్లలా ఉండేవాడు కానీ నోరు మాత్రం బాగా నడిచేది. పట్నం నుంచి వచ్చిన ఉర్దూ అఖ్బారులో బొమ్మలు కత్తిరించి మిషను వెనక గోడకు అంటించుకునేవాడు. ప్రపంచాన్ని ఏలే పెద్దలందరూ అక్కడ వరసగా ఉండేవాళ్లు. నోట్లో చుట్ట పెట్టుకున్న దొర, ముక్కు కింద చారెడు మీసాలాయన, ఛాతీ నిండా బిళ్లలు తగిలించుకున్నాయన, పక్కనే మా నవాబు, కొంచెం ఎడంగా ఢిల్లీ పెద్దలు. వాళ్ల రాజకీయాలు ఆయనకు పట్టవు. కుట్టు చూసేవాడు.

“గీ మీసాలాయన చూడు పిల్లా, కోటు భుజం కూసోలే. భుజం కూసోనోనికి మనసు కూసుంటదా? ఇగ గీ చుట్ట దొర, గుండీలు తెంపుకుంట తింటడు. మన నవాబు షేర్వానీ అయితే ఇరవై ఏండ్లదే, నాకిస్తె తిప్పి కుడుత అని చెప్పు పో.”

ఆయన దగ్గర కూర్చుంటే లోకంలో భయపడాల్సింది ఏదీ లేదనిపించేది. మా పెళ్లికి మా ఆయన అంగీ ఆయనే కుట్టాడు, బీడీలు దాచుకోవడానికి లోపలి వైపు అడగకుండానే ఒక జేబు పెట్టి మరీ.

తెల్లవాళ్లు పోయిన ఏడాదే ఊళ్లోకి ఖాకీలు దిగారు. వాళ్ల అసలు పేరు ఇప్పుడు నా మనవరాలి చరిత్ర పుస్తకంలో ఉంది. మేము ఖాకీలు అనేవాళ్లం. నవాబు రాజ్యాన్ని కాపాడతామని తుపాకులు పట్టుకు తిరిగేవాళ్లు. పాడుబడ్డ ఒక బంగళాలో క్యాంపు పెట్టారు. వాళ్ల బట్టలు ఉతకడం మా మెడకు చుట్టుకుంది, వాళ్లకు ఖాకీ జతలు కుట్టడం దర్జీ చాచా మెడకు చుట్టుకుంది. ఆయనకు ఇచ్చిన ఖాకీ బట్ట తర్వాత ఇరుకు కాకుండా ముందే ఉతికించి కత్తిరించేవాడు. అది మా దగ్గరికే వచ్చేది. ఎవరింటి నుంచి వస్తే ఆ ఇంటి గుర్తే పెట్టాలి గనక ఆ ఖాకీ ముక్కలకు కూడా గీత కింద రెండు చుక్కలే పెట్టేదాన్ని.

ఇంకోవైపు గుట్టల్లో సంగపోళ్లు ఉండేవాళ్లు. లెవీ ధాన్యం ఇవ్వొద్దనీ, వెట్టి చెయ్యొద్దనీ ఊళ్లలో చెప్పేవాళ్లు. మా ఆయన వాళ్లలో కలిశాడని నాకు చాలా రోజులు తెలియదు. ఒక రోజు, ఇంకో గాడిదను బేరం చేయడానికి యాచారం పోతున్నానన్నాడు. నాలుగు రోజులకు గాడిద లేకుండా, ఎండాకాలం మిట్టమధ్యాహ్నం గొంగడి కప్పుకుని వచ్చాడు. గొంగడి తీస్తే ఎడమ భుజం మీద తుపాకీ గుండు ఒరుసుకుపోయిన గాయం. పెళ్లి అంగీ విప్పి నా చేతిలో పెట్టాడు.

“గిది ఇప్పుడే పొయ్యిల వెట్టి కాలవెట్టు. ఎవలకూ సూపకు.”

అంతే, గాయానికి పసుపు అద్దుకుని, రెండు రొట్టెలు మూటకట్టుకుని మళ్లీ గుట్టల దారి పట్టాడు.

నేను కాల్చలేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే నాకు సమాధానం తెలియదు. ఊళ్లో ఆడవాళ్లు ఒక్క చీరతో తలుపు చాటున నిలబడుతున్న కాలంలో, భుజం దగ్గర చిన్న చిల్లు తప్ప ఏ లోపమూ లేని అంగీని పొయ్యిలో పెట్టడానికి చెయ్యి రాలేదు. ఒకసారి ఉడకబెడితే మరక పోతుంది, చిల్లుకు మాటు వేస్తే మళ్లీ తొడుక్కుంటాడు అనుకున్నాను. రేవులో బాన కింద మంట పెట్టి, మిగతా బట్టలతో కలిపి దాన్నీ ఉడకేశాను. గుర్తు లేని బట్ట బానలోకి పోకూడదని మా నాయన చిన్నప్పటి నుంచి నా వేళ్లకు నేర్పాడు. మనసు మా ఆయన వెంట గుట్టలెక్కుతోంది. చేతులు వాటి పని అవి చేసుకుపోయాయి. సొంత ఇంటి బట్ట కదా, అంగీ మూలన గీత గీసి కింద రెండు చుక్కలు పెట్టాను.

మర్నాడు పొద్దున ఖాకీల జమేదారు తన బట్టల కోసం తనే, కుర్ర ఖాకీలను వెంటబెట్టుకుని రేవుకు వచ్చాడు. ఎప్పుడూ రానివాడు ఆ రోజే ఎందుకొచ్చాడో దేవుడికి తెలియాలి. అంగీ గడ్డి మీద ఆరుతోంది. సౌడు మట్టికి నెత్తురు పూర్తిగా పోలేదు, చిల్లు చుట్టూ గోధుమరంగు వలయం మిగిలింది. జమేదారు దాన్ని తుపాకీ మొనతో పైకి లేపాడు. చిల్లులో వేలు పెట్టి చూశాడు.

“ఏయ్ ముసలోడా, గిది ఎవనిది?”

మామ బానలో కట్టె తిప్పుతున్నవాడు వెనక్కి తిరిగాడు. ఆ అంగీ ఎవరిదో, చిల్లు ఎందుకు పడిందో ఆయన చూడలేదు. మూలన గుర్తు చూశాడు. నలభై ఏళ్లుగా ఎలా చెబుతున్నాడో అలాగే చెప్పాడు.

“దర్జీ సాయబుది, దొరా.”

అప్పుడు తెలిసింది నాకు నేను చేసిందేమిటో. మామ కూడా అప్పుడే అంగీ వైపు సరిగ్గా చూశాడు. తన కొడుకు పెళ్లి అంగీని గుర్తుపట్టాడు. జమేదారు అప్పటికే అంగీని భుజాన వేసుకుని, మా ఇద్దరినీ ముందు నడవమన్నాడు.

దారి పొడుగునా నేను ఒక్కటే ఆలోచించాను. నాదని చెబితే మా ఆయన ఏడని అడుగుతారు. ఇల్లు తగలబెడతారు, గుట్టల్లో వేట మొదలుపెడతారు. చెప్పకపోతే చాచాను చంపుతారు. సంగపోళ్లకు అన్నం పెట్టారని ఆ నెలలోనే పక్క ఊళ్లో ఇద్దరిని కాల్చారు. చాచా తమ మతం వాడే కదా, వదిలేస్తారేమో అని ఒక ఆశ. తమవాడే ద్రోహం చేశాడని ఇంకా ఎక్కువ మండిపడతారేమో అని ఒక భయం. బజారు దారి అంత తొందరగా తరిగిపోతుందని నాకు ఆ రోజు దాకా తెలియదు.

చాచా మిషను మీద ఉన్నాడు. జమేదారు అంగీని ఆయన ఒళ్లోకి విసిరాడు. చాచా దాన్ని రెండు చేతులా పట్టుకుని, లోపలి వైపు తిప్పి, బీడీల జేబు మీద వేలు రాశాడు. దర్జీకి తన కుట్టు తెలియకుండా ఉంటుందా? మూలన గుర్తు చూశాడు. తర్వాత నా ముఖం చూశాడు. ఆయనకు చెప్పాల్సిన అవసరం రాలేదు.

“నాదే సాబ్,” అన్నాడు. మిషను చక్రం ఇంకా ఆగనే లేదు, అంత తొందరగా అన్నాడు.

“చిల్లేంది?”

“ఇస్త్రీ పెట్టెలకెల్లి నిప్పురవ్వ పడ్డది.”

“గీ మరక?”

“పాన్ ఉమ్మిన సాబ్, గాలికి మీద పడ్డది.”

జమేదారు అంగీని తొడుక్కోమన్నాడు. మా ఆయన రెండు మూటలు ఒంటిచేత్తో ఎత్తే మనిషి. ఆ అంగీ చాచా ఒంటి మీద దండెం మీద వేసినట్టు వేలాడింది, చేతులు గోళ్ల కింది దాకా జారాయి. వెంట వచ్చిన కుర్ర ఖాకీలు నవ్వారు.

“దర్జీవి, నీ కొలత నీకు తెల్వదారా?”

“సన్నగైన సాబ్. గీ కరువుల సన్నగ గానోడెవడు?”

ఆ మాటకు జమేదారు కూడా ఒక క్షణం నవ్వబోయాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలోనే మెడ పట్టుకుని బయటికి లాగారు. అదే అంగీతో, చెప్పులు కూడా వేసుకోనివ్వకుండా క్యాంపుకు తీసుకుపోయారు.

ఇంటికొచ్చాక మామకు అంతా చెప్పాను. కొడతాడనుకున్నాను, కొట్టలేదు. “గుర్తు నువ్వు పెట్టినవ్. నోరు నాది,” అన్నాడు. “నోరు తెరిస్తె నా కొడుకు పోతడు. తెర్వకుంటె సాయబు పోతడు. నేనేం జెయ్యాలె జెప్పు?” ఆ ఒక్క ప్రశ్న ఎన్నిసార్లు అడిగాడో. ఆ రోజు తర్వాత ఆయన మళ్లీ ఏ బట్ట మూలనూ చూడలేదు. ఎవరైనా అడిగితే నా వైపు చెయ్యి చూపించేవాడు.

చాచా తొమ్మిది రోజులు రాలేదు. పొద్దున లేస్తే క్యాంపు వైపు చెవి. అటు నుంచి తుపాకీ పేలిన చప్పుడు వినిపిస్తే చేతిలో ఉన్నది కింద పెట్టేసేదాన్ని. క్యాంపు బట్టల మూట నేనే విప్పాలి. అందులో ఆ అంగీ ఉంటుందేమో, దాని మీద కొత్త మరకలుంటాయేమో అని ఒక్కొక్కటే కొసలు పట్టుకుని తీసేదాన్ని. రెండో రోజు ఖాలా దగ్గరికి పోయాను. క్షమించమని అడుగుదామని పోయి, గడప దగ్గర నిలబడి, ఉతికేవి ఉన్నాయా అని అడిగాను. నాకే సిగ్గేసింది.

“అంగీ మా ఆయనది కాదు. ఇన్నేండ్ల సంది ఆయన బట్టలు నాకెరుక లేదా?” అంది ఖాలా. “ఆయన నాదన్నడు. ఇగ ఆయనదే.”

ఉతకమని తన బురఖా నా చేతికిచ్చి తలుపు వేసుకుంది.

తొమ్మిదో రోజు సాయంత్రం చాచా నడిచే వచ్చాడు. కుడిచేతికి గుడ్డ చుట్టి ఉంది. బొటనవేలు, దాని పక్క వేలు తుపాకీ మడమతో చితక్కొట్టారు. సూది పట్టే వేళ్లని చూసుకుని మరీ కొట్టారు. నేను ఎదురుగా పోతే ఆగాడు.

“మంచిగ ఉతికినవ్ పిల్లా. గన్ని దెబ్బలు పడ్డా ఒక్క కుట్టు ఊడలే,” అన్నాడు.

నేను అక్కడే కూలబడి ఏడ్చాను. ఆయన నవ్వాలని చూశాడు కానీ పెదవి పగిలి ఉంది. ఆ తర్వాత మిషను ఖాలా తొక్కింది. ఆయన పక్కన కూర్చుని ఎడమచేత్తో బట్ట పట్టుకునేవాడు. గోడ మీది పెద్దల కోట్ల గురించి మాట్లాడటం మానేశాడు.

వానలు వెనక్కి తగ్గుతున్న రోజుల్లో ఢిల్లీ సైన్యం వచ్చింది. ముందు విమానాలు కనిపించాయి, తర్వాత పట్నం సడక్ మీద మోటార్లని చెప్పుకున్నారు. అయిదు రోజుల్లో నవాబు చేతులెత్తేశాడని రేడియో చెప్పింది. ఊళ్లో ప్రతి ఇంటివాళ్లూ తెల్లజెండా కట్టాలని మా ఇంటికి పరుగెత్తుకొచ్చారు. తెల్లబట్ట ఎక్కడిది? సౌడులో ఉడికిన పసుపు గుడ్డలే అందరి ఇళ్ల మీదా ఎగిరాయి. ఖాకీలు బట్టలు విప్పి బావుల్లో పారేసి, పంచెలు చుట్టుకుని ఎటు వాళ్లు అటు పారిపోయారు. జమేదారు ఎటు పోయాడో ఎవరికీ తెలియదు. పీడ వదిలిందని నేనూ అందరితో పాటు సంతోషపడ్డాను. మా ఆయన నేడో రేపో వస్తాడని గంజి పెట్టి పంచె మడిచి ఉంచాను.

ఆయన రాలేదు. కొత్తగా వచ్చిన మిలిటరీ ఖాకీలను వదిలి సంగపోళ్ల కోసం అడుగుతోందని రెండు రోజుల్లోనే తెలిసింది. గుట్టల్లో ఎవరెవరున్నారో పేర్లు రాసుకుంటున్నారట. పోయిన భయం వేరే బట్టలు వేసుకుని మళ్లీ వచ్చి నా పక్కనే కూర్చుంది.

మూడో రోజు పొద్దున బజారులో కేకలు వినిపించాయి. ఖాకీలకు సాయం చేసినవాళ్ల ఇళ్లు చూస్తున్నారని చెప్పారు. ఖాకీలు దొరకలేదు గనక వాళ్ల మతంవాళ్ల ఇళ్ల మీద పడ్డారు. గుంపులో కొందరు బయటి ఊళ్లవాళ్లు, కొందరు మావాళ్లే. ముందు నడుస్తున్నవాడు మొన్నటిదాకా జమేదారు గుర్రానికి గడ్డి వేసినవాడు. వాడే ఒకణ్ణి మా ఇంటికి పంపాడు, గుర్తు చూసి చెప్పాలి, రమ్మని. మామ మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నేను పోయాను.

చాచా గడప మీద కూర్చుని ఉన్నాడు, కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని. ఖాలా వెనక నిలబడింది. గోడ మీది బొమ్మలన్నీ చింపి కింద పోశారు. చుట్ట దొర, మీసాలాయన, నవాబు, ఢిల్లీ పెద్దలు అందరూ ఒకే కుప్పలో ఉన్నారు. గుర్రానికి గడ్డి వేసినవాడి చేతిలో కుట్టిన ఖాకీ అంగీ ఉంది.

“గిది వీనింట్ల దొర్కింది. క్యాంపోళ్లది, కుట్టనిస్తె ఉండిపోయిందంటున్నరు. గుర్తు సూడు. క్యాంపు గుర్తా, వీనింటి గుర్తా? వీనిదైతె వీడూ ఖాకీ తొడిగినోడే.”

గుర్తు చూడక్కర్లేదు, నా చేత్తో పెట్టిందే. గీత కింద రెండు చుక్కలు. క్యాంపు గుర్తు వేరని గుర్రంవాడికి తెలుసు, మూటలు మోసినవాడు కదా. చాచాదని చెబితే అక్కడికక్కడే నరుకుతారు, వాళ్ల కళ్లు చూస్తేనే తెలుస్తోంది. ముందే ఉతికించి కత్తిరించడం, ఎవరింటి నుంచి వస్తే ఆ ఇంటి గుర్తు, ఇవన్నీ వాళ్లకు చెప్పినా వినే స్థితిలో లేరు. కాపాడే మాట నా నాలుక మీదే ఉంది. మాదని అనాలి, అంతే. కానీ మా ఇంట్లోకి ఖాకీ ఎలా వచ్చిందంటారు. మీ ఆయన ఏడంటారు. మిలిటరీకి ఆయన పేరు పోతుంది.

నేను నేల వైపు చూశాను. ఎంతసేపు చూశానో నాకు తెలియదు. గుంపులో ఒకడు గొడ్డలిని కుడిచేతి నుంచి ఎడమచేతికి మార్చుకున్నాడు, మళ్లీ కుడిచేతికి మార్చుకున్నాడు. చాచా నా వైపు చూడలేదు. ఖాలా చూసింది.

“మాది,” అన్నాను.

“మీదేంది?”

“మా ఇంటి గుర్తు. కందుకూర్ల మా నాయిన పెట్టే గుర్తిది, కావాల్నంటె పోయి అడుగుర్రి. క్యాంపోళ్లు ఇడ్శిపెట్టి పోయిన అంగీ. నాకు రవికె కుట్టియ్యమని నేనే ఖాలాకు ఇచ్చిన.”

కందుకూరు మాట నిజమే కావడం వల్లనేమో నా గొంతు వణకలేదు. గుర్రంవాడు నన్ను కిందికీ పైకీ చూశాడు. చాకల్దానికి ఖాకీ రవికె కావాలట అని ఎవరో అన్నారు. కొందరు నవ్వారు. నవ్వులో గొడ్డలి కిందికి దిగింది. ఊరికే పోవడం ఇష్టం లేక ఇద్దరు కలిసి కుట్టు మిషను ఎత్తుకున్నారు. దాన్ని తీసుకుపోతుంటే చాచా లేచి పక్కకు జరిగి దారి ఇచ్చాడు. మా ఆయన గురించి ఆ రోజు ఎవరూ అడగలేదు. ఆయన ఇంకో మూడేళ్లకు గానీ ఇల్లు చేరలేదు, అది వేరే సంగతి.

ఆ వారంలోనే వాళ్లు జల్‌పల్లి వైపు ఉన్న చుట్టాల దగ్గరికి పోవడానికి సిద్ధమయ్యారు. ఉతికిన బట్టలు నేనే తీసుకుపోయాను. ఎడ్లబండి ఇంటి ముందు ఉంది. చాచా అప్పటికే ఎక్కి, ముఖం సడక్ వైపు పెట్టి కూర్చున్నాడు. ఖాలా నా చేతిలోని మూట విప్పి, ఒక్కొక్క బట్ట మూలా చూసి, మళ్లీ కట్టింది. నేను ఏదో ఒకటి వినాలని నిలబడ్డాను. నిజం చెప్పాలంటే, ప్రాణం నిలబెట్టావు బిడ్డా అంటుందని ఎదురుచూశాను. నా చెయ్యి చేసిన పాపం నా నోరు కడిగిందని ఎవరైనా చెబితే బాగుండునని ఆ వారమంతా తిండి కూడా సరిగ్గా తినలేదు.

ఆమె నా భుజం మీద చెయ్యి వేసింది. కోపంగా లేదు. ఉన్నమాట చెబుతున్నట్టే చెప్పింది.

“మా ఆయన గప్పుడు నాదేనని ఎంబడే అన్నడు బిడ్డా. నువ్వు జర ఆగినవ్.”

“అవ్ ఖాలా,” అన్నాను. “ఆగిన.”

ఆమె తల ఊపి బండెక్కింది. బండివాడు ఎడ్లను అదిలించాడు.